బీఎస్/ఎండీ సీటా, మామూలు డిగ్రీనా: అమెరికాలో డాక్టరు చదువుకు కాలేజీ ఎంచుకోవడం

మన దగ్గర డాక్టరు చదువు దారి ఇరుకే గానీ తిన్నగా ఉంటుంది. ఇంటర్లో బైపీసీ, ఆపైన నీట్, ర్యాంకును బట్టి కన్వీనర్ కోటాలోనో మేనేజ్‌మెంట్ కోటాలోనో సీటు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లకు ఎంబీబీఎస్. డాక్టరవుతారా లేదా అన్నది పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే తేలిపోతుంది. అమెరికాలో అలా తేలదు. ముందు నాలుగేళ్ల డిగ్రీ చెయ్యాలి. ఆ తర్వాతే మెడికల్ స్కూలు, అది ఇంకో నాలుగేళ్లు. ఆపైన స్పెషాలిటీని బట్టి మూడు నుంచి ఏడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో శిక్షణ. ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో ఉన్న మన తల్లిదండ్రులకు మింగుడుపడనిది ఆ మొదటి నాలుగేళ్ల సంగతే. లక్షల డాలర్లు పోసి డిగ్రీ చదివించాక కూడా మెడికల్ సీటు వస్తుందో రాదో చెప్పలేని పరిస్థితి. అందుకే హైస్కూలు ఆఖరి ఏడాదిలోనే డిగ్రీ సీటుతో పాటు మెడికల్ సీటు కూడా చేతిలో పెట్టే బీఎస్/ఎండీ ప్రోగ్రాములంటే అంత మోజు. (బీఎస్ మామూలు డిగ్రీ. ఎండీ అంటే అక్కడ పీజీ కాదు, మన ఎంబీబీఎస్ లాంటి డాక్టరు డిగ్రీ.)

ఆ మోజులో తప్పేమీ లేదు. అయితే వాట్సాప్ గ్రూపుల్లో ఈ విషయం మీద జరిగే చర్చంతా ఏ ప్రోగ్రాం పెద్దది, ఎవరి పిల్లలకు ఎక్కడ వచ్చింది అన్న దగ్గరే ఆగిపోతుంది. ఆ సీటుకు ఎంత ధర కడుతున్నాం, అది రాకపోతే మామూలు డిగ్రీ కాలేజీని ఏం చూసి ఎంచుకోవాలి అన్నవాటి జోలికి ఎవరూ పోరు. నా ఉద్దేశంలో రెండో ప్రశ్నే పెద్దది. ఎందుకంటే బీఎస్/ఎండీ సీట్లు చాలా తక్కువ, అమెరికాలో డాక్టర్లయ్యేవాళ్లలో అత్యధికులు మామూలు దారిలోనే వెళ్తారు. కాబట్టి మొదట ఆ మామూలు దారి సంగతి చూద్దాం.

మెడికల్ స్కూలుకు సిద్ధమయ్యే చదువును ప్రీ-మెడ్ అంటారు గానీ, చాలా యూనివర్సిటీల్లో ఆ పేరుతో డిగ్రీయే ఉండదు. ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకున్నా సరే, మెడికల్ స్కూళ్లు అడిగే కోర్సులు పూర్తి చెయ్యాలి, అంతే. ల్యాబుతో కలిపి ఏడాది బయాలజీ, ఏడాది జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఒక సెమిస్టరు బయోకెమిస్ట్రీ, ఇంగ్లిష్, స్టాటిస్టిక్స్, ఎంట్రన్స్ పరీక్షలో వస్తాయి కాబట్టి సైకాలజీ, సోషియాలజీ కూడా కొంత. చేరేవాళ్లలో సగానికి కాస్త పైగా బయాలజీ కుటుంబానికి చెందిన మేజర్లవాళ్లే. అలాగని చరిత్రో గణితమో చదివినవాళ్లు సీటు తెచ్చుకోవడంలో వెనకబడి లేరు. మన ఇళ్లలో మాత్రం బయోమెడికల్ ఇంజనీరింగ్ మీద ఓ కన్ను ఉంటుంది. డాక్టరు కాకపోతే ఇంజనీరైనా అవుతాడు కదా అన్న లెక్క. ఆ లెక్కలో ఒక చిక్కుంది. ఇంజనీరింగ్ కోర్సుల్లో గ్రేడ్లు గట్టిగా బిగిస్తారు. అక్కడ తెచ్చుకున్న 3.4 జీపీఏను (నాలుగుకు లెక్కేసే గ్రేడ్ల సగటు) చూసి పాపం ఇంజనీరింగ్ కదా అని మెడికల్ స్కూళ్లు పెద్దగా జాలిపడవు.

పోటీ ఎంతంటే, ఎండీ స్కూళ్లకు ఏటా దరఖాస్తు చేసేవాళ్లు 50 వేలకు పైనే ఉంటారు, చేరేది సుమారు 23 వేల మంది. చేరినవాళ్ల సగటు జీపీఏ 3.8 దగ్గర, ఎంక్యాట్ స్కోరు 511, 512 దగ్గర ఉంటోంది. ఎంక్యాట్ అంటే మెడికల్ స్కూళ్ల ఎంట్రన్స్ పరీక్ష. స్కోరు 472 నుంచి 528 వరకు వేస్తారు, దాని మధ్య బిందువు 500. జీపీఏ 3.8, ఎంక్యాట్ 517 దాటినవాళ్లలో కూడా అయిదుగురిలో ఒకరికి ఆ ఏడాది ఎక్కడా సీటు రాదు. కాబట్టి మార్కులుంటే చాలన్న ధీమా అక్కడ పనికిరాదు. మార్కులు లేకుండా మాత్రం అసలు తలుపే తెరుచుకోదు.

దరఖాస్తు ఫారంతో మొదలుపెట్టాలి

కాలేజీ ఎంపికకు నాకు తెలిసిన మంచి పద్ధతి ఒకటే: నాలుగేళ్ల తర్వాత నింపాల్సిన ఫారాన్ని ఇప్పుడే తెరిచి చూడటం. ఎండీ స్కూళ్లకు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ఉంది. డీఓ (ఆస్టియోపతిక్ డాక్టరు డిగ్రీ) స్కూళ్లకు వేరే, టెక్సస్ ప్రభుత్వ స్కూళ్లకు ఇంకోటి. ఆమ్‌కాస్‌లో మొదటి పెద్ద పని ట్రాన్‌స్క్రిప్టు ముందు పెట్టుకుని చదివిన ప్రతి కోర్సునూ, వచ్చిన ప్రతి గ్రేడునూ ఒక్కొక్కటిగా ఎక్కించడం. వాళ్లు దాన్ని సరిచూసి రెండు జీపీఏలు లెక్కగడతారు. ఒకటి మొత్తానిది. రెండోది బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితానికి మాత్రమే.

ఇక్కడ మనవాళ్లు తరచూ దెబ్బతినే సంగతులు రెండున్నాయి. ఒక కోర్సులో సీ వచ్చిందని మళ్లీ రాసి ఏ తెచ్చుకుంటే, కాలేజీ పాత గ్రేడు తీసేసినా ఆమ్‌కాస్ తియ్యదు. రెండూ లెక్కలోకి వస్తాయి. ఇంకోటి, హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీ ద్వారా తీసుకునే డ్యుయల్ క్రెడిట్ కోర్సులు. టెక్సస్‌లో మన పిల్లలు వీటిని పోటీపడి తీసుకుంటారు. అవి కాలేజీ కోర్సులే కాబట్టి పదహారేళ్ల వయసులో వచ్చిన బీ కూడా మెడికల్ స్కూలు జీపీఏలో కూర్చుంటుంది. హైస్కూల్లో రాసే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షల క్రెడిట్‌తో ఈ బెడద లేదు, దానికి గ్రేడు ఉండదు. అయితే ఏపీ క్రెడిట్ చూపించి కెమిస్ట్రీ, బయాలజీ ఎగ్గొడితే కొన్ని మెడికల్ స్కూళ్లు ఒప్పుకోవు, పై స్థాయి కోర్సులు చెయ్యమంటాయి.

అంటే కాలేజీని చూసేటప్పుడు ర్యాంకింగు కన్నా ముందు అడగాల్సింది, అక్కడ జనరల్ కెమిస్ట్రీలో, ఆర్గానిక్‌లో గ్రేడ్లు ఎలా పెడతారన్నది. కొన్ని పేరున్న చోట్ల మొదటి ఏడాది కెమిస్ట్రీ క్లాసులో 300 మంది కూర్చుంటారు. అందరూ వాళ్ల వాళ్ల హైస్కూల్లో టాపర్లే. అక్కడ కర్వు ప్రకారం క్లాసులో సగం మందికి బీ లేదా అంతకన్నా తక్కువే రావాలి. అందరూ బాగా రాసినా అంతే. డిగ్రీ కాలేజీ పేరుకు కొంత విలువ ఉన్నమాట నిజమే గానీ, పెద్ద పేరున్న చోట 3.5 తెచ్చుకున్న పిల్లాడి కన్నా స్టేట్ యూనివర్సిటీలో 3.9, దానితో పాటు మంచి ఎంక్యాట్ ఉన్న పిల్లకే దారి సులువు. పిల్లలు ఏ కాలేజీలో చదివినా రాసే ఎంక్యాట్ ఒక్కటే.

ఫారంలో ఆ తర్వాతి భాగం వ్యాపకాలది. అక్కడ 15 గళ్లుంటాయి, ఒక్కో గడిలో 700 అక్షరాలకు మించి రాయకూడదు. ఏం చేశారు, ఎన్ని గంటలు చేశారు, ఎవరు సాక్ష్యం అని వివరంగా అడుగుతారు. వాటిలో బాగా ముఖ్యమైనవని మూడింటిని గుర్తుపెట్టి, వాటి గురించి ఇంకో 1,325 అక్షరాలు రాయొచ్చు. ఆస్పత్రిలో వాలంటీరుగా, అంబులెన్స్‌లో ఈఎంటీగా, డాక్టరు పక్కన కూర్చుని కేసు షీట్లు టైపు చేసే స్క్రైబుగా, ల్యాబులో రీసెర్చ్ సహాయకుడిగా చేసిన పని అక్కడ కనిపించాలి. మన పిల్లలకు తరచూ తక్కువపడేది నేరుగా రోగులతో గడిపిన సమయం. ఎస్సేలో ఎంత అందంగా రాసినా, ఇంటర్వ్యూలో రోగి గురించి అడిగితే చెప్పడానికి ఒక్క మనిషి ముఖం గుర్తురాకపోతే దొరికిపోతారు.

ఈ గళ్లు నిండాలంటే కాలేజీ ఎక్కడ ఉందన్నది బాగా లెక్కలోకి వస్తుంది. హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ గేటు దాటి మెయిన్ స్ట్రీట్ అవతలికి వెళ్తే టెక్సస్ మెడికల్ సెంటర్. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో క్లాసులకు, ఆస్పత్రులకు మధ్య నడిచే దూరమే. క్లీవ్‌లాండ్‌లో కేస్ వెస్ట్రన్‌కు ఒకవైపు యూనివర్సిటీ హాస్పిటల్స్, కాస్త దూరంలో క్లీవ్‌లాండ్ క్లినిక్. అదే ఊరికి దూరంగా, కారు లేనిదే కదలలేని చోట ఉన్న క్యాంపస్‌లో వారానికి నాలుగు గంటలు ఆస్పత్రిలో గడపాలన్నా చుక్కలు కనిపిస్తాయి. అయితే ఆస్పత్రి పక్కనే ఉంటే సరిపోదు. ఆ ల్యాబుల్లో డిగ్రీ పిల్లలకు నిజంగా పని ఇస్తారా, లేక పీహెచ్‌డీవాళ్ల గ్లాసుసామాను కడిగిస్తారా అన్నది అక్కడ చదువుతున్న రెండో, మూడో ఏడాది పిల్లల్నే అడగాలి. అడ్మిషన్ ఆఫీసు టూర్‌లో ఆ మాట రాదు.

సిఫారసు ఉత్తరాల సంగతీ ఇంతే. మామూలుగా ఇద్దరు సైన్సు ప్రొఫెసర్లు, సైన్సేతర సబ్జెక్టు నుంచి ఒకరు రాసివ్వాలి. మూడు వందల మంది హాల్లో వెనక వరసలో కూర్చున్న పిల్లాడి గురించి ప్రొఫెసరు రాయగలిగింది, ఇతనికి ఏ వచ్చింది అన్న ఒక్క వాక్యమే. చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల పేర్లు మన సర్కిల్లో పెద్దగా వినిపించవు. ఇంటికి ఫోన్ చేసి చెప్పుకోవడానికి బాగుండవు కదా! కానీ ఇరవై మంది క్లాసులు, ఆఫీసు తలుపు తెరిచి కూర్చునే ప్రొఫెసర్లు ఉండే ఆ కాలేజీల నుంచి వచ్చే ఉత్తరాల్లో బరువుంటుంది.

90 శాతం అనగానే

ప్రతి కాలేజీ ప్రీ-మెడ్ పేజీలోనూ ఒక అంకె మెరుస్తుంటుంది: మా విద్యార్థుల్లో 85 శాతానికి, 90 శాతానికి మెడికల్ సీట్లు వచ్చాయని. దేశమంతా కలిపి చూస్తే సగం మందికి కూడా రావడం లేదు కాబట్టి తల్లిదండ్రులు వెంటనే కరిగిపోతారు. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. దాన్ని ఎలా తయారుచేశారన్నదే చూడాలి.

మొదటి ఏడాదిలో డాక్టరవుతానని చేరినవాళ్లు 400 మంది అనుకుందాం. ఆర్గానిక్ కెమిస్ట్రీ అయ్యేసరికి అందులో సగం మంది వేరే దారి పట్టారు. మిగిలినవాళ్లలో కొందరిని అడ్వైజరు ఇంకో ఏడాది ఆగమన్నారు. కొన్ని కాలేజీల్లో ప్రొఫెసర్ల ఉత్తరాలన్నీ కలిపి కాలేజీ తరఫున ఒక కమిటీ లెటర్ ఇస్తారు. మార్కులు బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ లెటర్ ఇవ్వడానికి ఒప్పుకోని చోట్లున్నాయి. అది లేకుండా దరఖాస్తు పెడితే ఎందుకు లేదని మెడికల్ స్కూలు అడుగుతుంది, కాబట్టి చాలామంది మానుకుంటారు. చివరికి 100 మంది దరఖాస్తు చేసి 85 మందికి సీట్లొస్తే, పేజీ మీద కనిపించేది 85 శాతమే. మొదట్లో ఉన్న 400 మంది ఆ లెక్కలో ఎక్కడా ఉండరు. ఇవి నేను ఉదాహరణకు వేసుకున్న అంకెలే గానీ లెక్క నడిచే తీరు ఇదే. కాబట్టి అడగాల్సిన ప్రశ్నలు: మొదటి ఏడాది ప్రీ-మెడ్ అని నమోదైనవాళ్లు ఎంతమంది, చివరికి దరఖాస్తు చేసింది ఎంతమంది, కమిటీ లెటర్ ఎవరికైనా నిరాకరిస్తారా, ఈ శాతంలో డీఓ స్కూళ్లు, కరీబియన్ స్కూళ్లు కలిసున్నాయా.

డీఓ అనగానే మన దగ్గర మొహం చిట్లించేవాళ్లున్నారు. ఆ అవసరం లేదు. 2020 నుంచి ఎండీలకు, డీఓలకు రెసిడెన్సీ వ్యవస్థ ఒక్కటే. రెండు డిగ్రీలకూ ప్రాక్టీసు హక్కులు సమానం. కొన్ని గట్టి పోటీ ఉన్న సర్జికల్ స్పెషాలిటీల్లో డీఓకు దారి కాస్త ఇరుకన్నది మాత్రం నిజం.

ఇంకో మాట. డిగ్రీ అయిన వెంటనే మెడికల్ స్కూల్లో చేరేవాళ్లు ఇప్పుడు తక్కువ. సగానికి పైగా విద్యార్థులు ఒకటో రెండో ఏళ్లు ఆగి, ల్యాబులోనో ఆస్పత్రిలోనో పనిచేసి చేరుతున్నారు. దాన్ని మనవాళ్లు ఏడాది వేస్టయిందంటారు. అక్కడ అది మామూలు విషయం.

ఏ రాష్ట్రంలో ఉన్నారన్నది కూడా చిన్న విషయం కాదు. ప్రభుత్వ మెడికల్ స్కూళ్లు తమ రాష్ట్రంవాళ్లకే పెద్దపీట వేస్తాయి. టెక్సస్ ప్రభుత్వ స్కూళ్లలో బయటివాళ్లు 10 శాతానికి మించకూడదని చట్టమే ఉంది. అక్కడ ట్యూషన్ కూడా ఏడాదికి 20 వేల డాలర్ల చుట్టుపక్కలే, మిగతా దేశంతో పోలిస్తే చవక. నార్త్ కరోలినాలో బ్రోడీ స్కూల్ ఆఫ్ మెడిసిన్ సొంత రాష్ట్రంవాళ్లను తప్ప ఎవరినీ తీసుకోదు. కాలిఫోర్నియాలో మాత్రం ఈ అండ అంతగా దొరకదు, సీట్ల కన్నా పోటీ పడేవాళ్లు మరీ ఎక్కువ. పిల్లలు డిగ్రీకి వేరే రాష్ట్రం వెళ్లినా, తల్లిదండ్రులు సొంత రాష్ట్రంలోనే ఉండి వాళ్లమీద ఆధారపడి చదువుతుంటే సాధారణంగా ఆ నివాస హోదా పోదు.

ఇక బీఎస్/ఎండీ

దీన్ని బీమా పాలసీలా చూడటం మంచిది. ప్రీమియం ఉంటుంది, షరతులుంటాయి, ఫలానా సందర్భంలో వర్తించదన్న నిబంధనలూ ఉంటాయి. పాలసీ కాగితం చదవకుండా సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ.

ఇవన్నీ ఒకే అచ్చులో పోసినవి కావు. బ్రౌన్ యూనివర్సిటీ పీఎల్ఎంఈ ఎనిమిదేళ్ల ప్రోగ్రాం. ఐవీ లీగ్‌లో ఇలాంటిది అదొక్కటే. ఎంక్యాట్ రాయనక్కర్లేదు. పిల్లలు మొదటి నాలుగేళ్లలో సంగీతం చదివినా సాహిత్యం చదివినా పట్టించుకోరు, నిజానికి అలా చదవమనే ప్రోత్సహిస్తారు. ఏటా చేరేది 50, 60 మంది. దీనికి పూర్తిగా భిన్నం యూనివర్సిటీ ఆఫ్ మిస్సోరీ-కాన్సస్ సిటీ (యూఎంకేసీ) ప్రోగ్రాం. అక్కడి మెడికల్ స్కూలు 1971లో మొదలైంది, డిగ్రీ, ఎండీ కలిపి ఆరేళ్లలోనే ముగుస్తాయి. సెలవులు పెద్దగా ఉండవు. పద్దెనిమిదేళ్లకే మెడికల్ సబ్జెక్టుల్లో పడతారు. మన ఎంబీబీఎస్‌కు దగ్గరగా ఉంటుంది కాబట్టి మన తల్లిదండ్రులకు వెంటనే నచ్చుతుంది. కానీ ఏం కావాలో ఇంకా తేల్చుకోని పిల్లకు ఆ వేగం ఊపిరాడనివ్వదు. న్యూజెర్సీలో టీసీఎన్‌జే, ఎన్‌జేఐటీ లాంటి కాలేజీలకు రట్గర్స్ మెడికల్ స్కూలుతో ఒప్పందాలున్నాయి. న్యూయార్క్‌లో సిటీ కాలేజీ ఆవరణలో ఉన్న క్యునీ మెడికల్ స్కూలుది ఏడేళ్ల ప్రోగ్రాం. సోఫీ డేవిస్ పేరుతో 1973లో మొదలైన ఇది, డాక్టర్లు కరువున్న పేటల్లో పనిచేసే ప్రైమరీ కేర్ డాక్టర్లను తయారుచెయ్యాలన్న ఉద్దేశంతో పుట్టింది. ఆ ఉద్దేశంతో పొసగనివాళ్లు ఫీజు తక్కువని దరఖాస్తు చేస్తే ఇంటర్వ్యూలోనే తెలిసిపోతుంది.

ఇంటర్నెట్లో తిరిగే జాబితాలను నమ్ముకోకండి. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో 1961 నుంచి నడిచిన హెచ్‌పీఎంఈ అనే ప్రోగ్రాం ఎంతో పేరున్నది. కొన్నేళ్ల క్రితం కొత్త అడ్మిషన్లు ఆపేసింది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ కూడా తన ప్రోగ్రాం ఎత్తేసింది. అయినా ఆ పేర్లు పాత జాబితాల్లో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. డబ్బులు తీసుకుని సలహాలిచ్చే కౌన్సెలర్ల దగ్గర కూడా.

ఇప్పుడు షరతులు. గ్యారంటీ అని రాసున్నా దాని కింద వాక్యాలుంటాయి. జీపీఏ ఎక్కువగా 3.5 నుంచి 3.75 మధ్య ఏదో ఒక గీత పెడతారు, దాని కిందికి జారకూడదు. సైన్సు కోర్సుల్లో సీ రాకూడదంటారు కొందరు. ఎంక్యాట్ అక్కర్లేదనేవి ఉన్నాయి, రాసి ఫలానా స్కోరు తేవాలనేవీ ఉన్నాయి. ఈ రెండో రకం గ్యారంటీని అసలు గ్యారంటీ అనొచ్చా అన్నది నా అనుమానం. ఆ స్కోరు, ఆ జీపీఏ తేగలిగిన విద్యార్థికి మామూలు దారిలోనూ మంచి అవకాశమే ఉంటుంది. కొన్ని ప్రోగ్రాముల్లో ఇంకో మెలిక: వేరే మెడికల్ స్కూళ్లకు దరఖాస్తు పెడితే ఈ సీటు వదులుకున్నట్టే. న్యూయార్క్ యూనివర్సిటీ మెడికల్ స్కూలు 2018లో అందరికీ ట్యూషన్ ఎత్తేసింది. బ్రాంక్స్‌లోని ఐన్‌స్టైన్ కాలేజీకి 2024లో వందకోట్ల డాలర్ల విరాళం వచ్చి అక్కడా చదువు ఉచితమైంది. అదే ఏడాది జాన్స్ హాప్కిన్స్ 3 లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు ట్యూషన్ తీసేసింది. పద్దెనిమిదేళ్ల వయసులో ఒక మెడికల్ స్కూలుకు కట్టుబడిపోయిన పిల్లలు, ఇరవై రెండేళ్లకు ఇలాంటి చోట్ల ప్రయత్నించే వీలు పోగొట్టుకుంటారు. ప్రీమియంలో ఇదీ ఒక భాగమే.

మరి ఎవరికి ఇది మేలు? డాక్టరు పని అంటే ఏమిటో దగ్గరగా చూసి, అయినా అదే కావాలనుకునే పిల్లలకు. ఎంక్యాట్ టెన్షన్ లేకుండా నాలుగేళ్లు నచ్చిన రీసెర్చ్ చేసుకోవడం చిన్న లాభం కాదు. ఏడేళ్ల ప్రోగ్రాం అయితే ఒక ఏడాది ఫీజు మిగులుతుంది, ఒక ఏడాది ముందే సంపాదన మొదలవుతుంది. నాన్న అన్నాడనో, బాబాయి కొడుక్కి వచ్చిందనో దరఖాస్తు చేసే పిల్లలకు మాత్రం రెండో ఏడాదికల్లా ఇది ఉచ్చులా అనిపించే ప్రమాదం ఉంది. ఈ రెండింటికీ మధ్యలో ఇంకో దారి కూడా ఉంది. జార్జ్‌టౌన్, బఫెలో లాంటి చోట్ల తమ దగ్గర డిగ్రీ చదువుతున్నవాళ్లు రెండో ఏడాదిలోనే దరఖాస్తు చేసి మెడికల్ సీటు ముందుగా ఖాయం చేసుకోవచ్చు. రెండేళ్లు కాలేజీ చదివాక తీసుకునే నిర్ణయం కాబట్టి నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో దీని ఊసే తక్కువ.

వీసా మీద ఉన్న పిల్లలు

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా) మీద పెరిగిన పిల్లల కథ వేరు, దాన్ని దాచిపెట్టి మాట్లాడటం అన్యాయం. చాలా బీఎస్/ఎండీ ప్రోగ్రాములు పౌరులను, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనే తీసుకుంటాయి. మెడికల్ స్కూళ్లలోనూ ఎక్కువ భాగం అంతే. తీసుకునే కొద్ది ప్రైవేటు స్కూళ్లలో కొన్ని ఏడాది నుంచి నాలుగేళ్ల ఖర్చును ముందే ఒక ఖాతాలో జమచేసి చూపించమంటాయి. ఫెడరల్ లోన్లు రావు. పిల్లలకు 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్-1కు మారాలి. మనవాళ్ల గ్రీన్‌కార్డు వరస ఎంత నెమ్మదిగా కదులుతుందో చెప్పనక్కర్లేదు. ఇలాంటి ఇంట్లో అయితే ప్రీ-మెడ్ కన్నా ముందు, మెడికల్ సీటు రాకపోయినా ఉద్యోగం దొరికే మేజర్ ఏదన్నదే చూసుకోవాలి. కంప్యూటర్ సైన్సుతో పాటు ప్రీ-మెడ్ కోర్సులు చేసేవాళ్లు ఉన్నారు. కష్టమే, అయినా అసాధ్యం కాదు.

ఇండియాకు వెళ్లి ఎంబీబీఎస్ చేసి తిరిగి రావడం ఇంకో దారి. ప్రైవేటు కాలేజీల్లో 15 శాతం దాకా ఎన్నారై సీట్లుంటాయి, నీట్ మాత్రం రాయాల్సిందే. 2021 మార్చి 4 కన్నా ముందు ఓసీఐ కార్డు తీసుకున్న పిల్లలకు ఇక్కడి విద్యార్థులతో సమానంగా పోటీ పడే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పిచ్చింది. ఆ తర్వాత తీసుకున్నవాళ్లకు ఎన్నారై సీట్లే దిక్కు. అయిదున్నరేళ్ల తర్వాత అమెరికా రెసిడెన్సీ కోసం పోటీ పడినప్పుడు తేడా తెలుస్తుంది. అక్కడే చదివిన ఎండీ విద్యార్థుల్లో 93 శాతం మందికి మ్యాచ్‌లో (రెసిడెన్సీ సీట్లు కేటాయించే పద్ధతి) సీటు దొరుకుతుంటే, విదేశాల్లో చదివొచ్చిన అమెరికా పౌరుల్లో సుమారు మూడింట రెండొంతుల మందికే దొరుకుతోంది. అయ్యే ఖర్చు తక్కువే గానీ రిస్కు ఎక్కువ.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. హైదరాబాద్, విజయవాడ కన్సల్టెన్సీలు ఫిలిప్పీన్స్ చదువును కూడా బీఎస్-ఎండీ అనే పేరుతోనే అమ్ముతాయి. అమెరికా ప్రోగ్రాములకూ దానికీ సంబంధం లేదు. అక్కడికి వెళ్లే తెలుగు పిల్లల్లో ఎక్కువమంది ఇండియాకు తిరిగొచ్చి ప్రాక్టీసు పెట్టాలనుకునేవాళ్లే. 2021 నవంబర్లో నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ మెడికల్ కోర్సు కనీసం 54 నెలలుండాలి, ఆపైన అదే విద్యాసంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, చదివిన దేశంలో ప్రాక్టీసుకు లైసెన్సు పొందే అర్హత ఉండాలి. ఫిలిప్పీన్స్‌లో ఎండీ సంప్రదాయంగా నాలుగేళ్లే, అంటే 48 నెలలు. దానికి ముందు చేసే బీఎస్ బయాలజీ డిగ్రీయే తప్ప మెడికల్ కోర్సు కాదు. మొత్తం ఆరేళ్లు అని బ్రోషర్లో చూసి తృప్తిపడితే లెక్క ఎక్కడ తప్పుతుందో ఇందులోనే ఉంది. డబ్బు కట్టేముందు చూడాల్సింది ఎన్‌ఎంసీ నోటీసులు. కన్సల్టెన్సీ చూపించే వీడియోలు కాదు.

ఏప్రిల్ నెల లెక్కలు

ఆఫర్లన్నీ చేతికొచ్చేది మార్చి, ఏప్రిల్‌లో. మే 1కల్లా ఒకచోట ఒప్పుకోవాలి. ఆ నెల రోజుల్లో కాగితం మీద వెయ్యాల్సిన లెక్క ఒకటుంది. ప్రైవేటు యూనివర్సిటీలో బీఎస్/ఎండీ, హాస్టలు, భోజనం అన్నీ కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు అనుకోండి. సొంత రాష్ట్రం యూనివర్సిటీ 30 వేలు. డిగ్రీ నాలుగేళ్లకే తేడా 2 లక్షల 40 వేలు. టెక్సస్‌లో ఉన్న కుటుంబానికైతే ప్రభుత్వ మెడికల్ స్కూలు నాలుగేళ్ల ట్యూషన్, ఇంటి అద్దె, తిండి ఇంచుమించు ఆ తేడాలోనే వెళ్లిపోతాయి. ఆ బీమాకు అంత ప్రీమియం కట్టొచ్చా అన్నది ఎవరింటి పరిస్థితిని బట్టి వాళ్లు తేల్చుకోవాల్సిందే. అప్పు చేసి కట్టాల్సి వస్తే మాత్రం నేనైతే వద్దంటాను.

అప్పు సంగతి ఇప్పుడు మునుపటిలా లేదు. 2025 జులైలో వచ్చిన చట్టం ప్రకారం, ఎంత ఖర్చయితే అంత ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్లు 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకు ఉండవు. మెడిసిన్ లాంటి వృత్తి విద్య చదివేవాళ్లకు ఫెడరల్ లోను ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు మించదు. డిగ్రీ కోసం తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోనుకు కూడా ఒక్కో పిల్లకు ఏడాదికి 20 వేలు, మొత్తం 65 వేలు అని హద్దు పెట్టారు. ప్రైవేటు మెడికల్ స్కూల్లో నాలుగేళ్ల ఖర్చు మూడున్నర లక్షలు దాటడం మామూలు. మిగిలింది ప్రైవేటు లోనుగా తేవాలి, దానికి ఎక్కువ వడ్డీ, తల్లిదండ్రుల సంతకం. డిగ్రీలో మిగిల్చిన ప్రతి డాలరూ నాలుగేళ్ల తర్వాత అక్కరకొస్తుంది.

ఆ నెలలోనే ప్రోగ్రాం ఆఫీసుకు ఒక ఈమెయిల్ పంపించండి. గత అయిదేళ్లలో చేరినవాళ్లలో మెడికల్ స్కూలు దాకా చేరింది ఎంతమంది, మానేసినవాళ్లు మార్కుల వల్ల మానేశారా ఇష్టం లేక మానేశారా, జీపీఏ ఒక్క సెమిస్టర్లో తగ్గితే కోలుకోవడానికి గడువిస్తారా, బయట దరఖాస్తు చేసుకోవచ్చా, మధ్యలో మెడికల్ స్కూలు షరతులు మార్చితే పాతవాళ్లకు ఏవి వర్తిస్తాయి. ఫోన్‌లో చెప్తామంటే సరేనండి, అదే రాసి పంపించండి అనాలి. నాలుగేళ్ల తర్వాత ఆ కుర్చీలో వేరే మనిషి ఉండొచ్చు. చేరిన ఏడాది హ్యాండ్‌బుక్ పీడీఎఫ్‌ను కూడా డౌన్‌లోడ్ చేసి దాచిపెట్టుకోవాలి. వెబ్‌సైట్లో ఆ పేజీ ఏటా మారుతుంటుంది.